మీ రాయి చూసుకోండి సార్

ముప్ఫై రెండేళ్ల సర్వీసులో నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు, శపించినవాళ్లు ఉన్నారు, నా స్కూటర్ టైర్లో గాలి తీసినవాళ్లూ ఉన్నారు. కానీ "తప్పు మీ రాయిది సార్" అని మొహం మీద అన్న మనిషి ఒక్కతే. ఆ మాట అన్ననాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. దుకాణం పెట్టి ఇరవై నాలుగు రోజులు కూడా కాలేదు.

నేను చేసింది తూకాల తనిఖీ ఉద్యోగం. శాఖ పేరు, మనుషుల పేర్లు ఎందుకు లెండి. సికింద్రాబాద్‌లో ఒక ముక్క నా కింద ఉండేది. మోండా మార్కెట్, దాని చుట్టుపక్కల సందులు, అటు మౌలాలి దాకా. దుకాణాల్లో కాంటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూడటం, సరిగ్గా ఉంటే ముద్ర వేయడం, లేకపోతే సీలు వేసి గోడకు నోటీసు అంటించడం నా పని. చెప్పడానికి చిన్నదే గానీ, నేను సందు మొదట్లో కనిపిస్తే చివరి దుకాణం దాకా కబురు నాకంటే ముందే చేరేది. అబద్ధం చెప్పను, అది నాకు బాగానే ఉండేది.

పనికి ఒక చెక్కపెట్టె ఇస్తారు. లోపల ఎర్ర మఖమల్ గుంటల్లో ఇత్తడి తూకాలు వరసగా కూర్చుని ఉంటాయి. ఇత్తడివైనా బజారులో వాటిని రాళ్లు అనే అంటారు. అందులో పెద్దది కిలో రాయి. దాన్ని దుకాణదారు కాంటా మీద పెడతాం. కాంటా సరిగ్గా కిలో చూపిస్తే మంచిది. వెయ్యి గ్రాములకు బదులు వెయ్యిన్ని ఐదు చూపించిందనుకోండి, లేని బరువు చూపిస్తోందని అర్థం. అంటే కొనేవాడికి కిలోకు ఐదు గ్రాములు తక్కువ పోతోంది. పెట్టె అబద్ధమాడదు. అబద్ధమాడేది ఎప్పుడూ కాంటానే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా పెద్దలు నేర్పిన పాఠం ఇది. నేను దాన్ని రామకోటిలా రోజూ రాసుకున్నాను.

ఈ మధ్య కొత్తగా వ్యాపారం పెడుతున్న పిల్లలు సలహాకని నా దగ్గరికి వస్తుంటారు. ఏ లైసెన్సు కావాలి, ప్యాకెట్ మీద ఏమేం రాయాలి, కాంటాకు ముద్ర ఎక్కడ వేయించుకోవాలి అని అడుగుతారు. అన్నీ చెబుతాను. చివర్లో వాళ్లు అడగకపోయినా ఈ సంగతి కూడా చెబుతాను. మీకూ చెబుతున్నాను.

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు మాట. మోండా మార్కెట్ వెనక సందులో ఒక కొత్త దుకాణం తెరిచారని తెలిసి వెళ్లాను. దుకాణమంటే ఒక గది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఉండాలి. కంది పొడి, కరివేపాకు పొడి, నల్లకారం, నువ్వుల పొడి. ఆ వాసన సందు మలుపులోనే మనిషిని ఆపేసేది. ఆ అమ్మాయి వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రికి రైల్వేలో ఉద్యోగం, మౌలాలి క్వార్టర్సులో కాపురం. వేయించడం, దంచడం తల్లి ఇంట్లో చూసుకుంటుంది. తూచి, ప్యాక్ చేసి అమ్మేది ఈ పిల్ల. అంతకుముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగమట. అంటే వేరేవాళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడం. నాకు అప్పుడే అర్థం కావలసింది.

నా వెంట మా అటెండర్ ఉన్నాడు. నాకంటే ఏడాది పెద్ద, నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా దాన్ని నేల మీద పెట్టగా చూడలేదు. పెట్టె తెరిచి, బట్టతో పట్టి కిలో రాయిని కాంటా మీద పెట్టాడు.

1.005.

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

"ఏమమ్మా, దుకాణం పెట్టి నెల గాలే, అప్పుడే షురూ చేసినవా?"

"ఏంటి సార్ షురూ చేసింది?"

"కిలోకు ఐదు గ్రాములు నొక్కుతున్నవు. ఇగో, నీ కాంటానే చెప్తున్నది."

ఆ పిల్ల కాంటా వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత రాయి వైపు చూసింది. నేను అలవాటు పడిన మొహాలు వేరు. బతిమాలే మొహం, పక్కకు పిలిచే మొహం, ఏడ్చే మొహం. ఈమె మొహంలో అవేవీ లేవు. లెక్క తేలని విద్యార్థి మొహంలా ఉంది.

"కొత్త కాంటా సార్ ఇది. కొన్నరోజే పాట్ మార్కెట్‌కి తీసుకెళ్లి, బంగారం షాపు కాంటాతో పోల్చి చూసుకున్నాను. ఒక్క గ్రాము కూడా తేడా లేదు. తప్పు మీ రాయిది సార్. ఒకసారి మీ రాయి చూసుకోండి."

పక్క ఉల్లిగడ్డల దుకాణదారు నోట్లో వక్కపొడి నమలడం ఆపేశాడు. మా అటెండరన్న పెట్టెను గుండెకు హత్తుకున్నాడు, ఎవరో దాన్ని తిట్టినట్టు.

"బిడ్డా, అట్లనద్దు. సర్కారు రాయి అది," అన్నాడు మెల్లగా.

నాకు మాత్రం కోపం నెత్తికెక్కింది. "ముప్ఫై ఏండ్ల సంది ఈ పెట్టె తిప్పుతున్న. నువ్వు నిన్న పుట్టినవు. రాయి తప్పంట! తప్పు ఒప్పుకునేటోళ్లను చూసి నేర్చుకో. మౌలాలి గుట్ట కింద మురుమురాలు, పుట్నాలు అమ్మే ముసలమ్మ ఉన్నది. నాలుగేండ్ల కింద ఆమె కాంటా గిట్లనే పట్టుకున్న. ఒక్క మాట ఎదురు చెప్పలే. దండం పెట్టి, తప్పయింది సారూ, సరిజేయించుకుంట అన్నది. అదీ మర్యాదంటే."

"ఆవిడ అడగలేదు సార్. నేను అడుగుతున్నాను," అంది ఆ పిల్ల.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాంటాకు సీలు వేశాను. ఆ కాంటా మీద తూచిన ప్యాకెట్లేవీ అమ్మకూడదని చెప్పాను. గోడకు నోటీసు అంటించాను. 'తూకంలో తేడా' అని పెద్ద అక్షరాలతో. సందులో వాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీస్తుంటే ఆపలేదు. పైగా కాస్త పక్కకు జరిగాను, నోటీసు బాగా కనబడాలని.

వెళ్లబోతుంటే ఆమె స్కూటర్ దాకా వచ్చింది. "సార్, తిరుమలగిరిలో మిలటరీ కుటుంబాల క్యాంటీన్‌కి శుక్రవారం సరుకు ఇవ్వాలి. ట్రయల్ ఆర్డర్. అర కిలో ప్యాకెట్లు రెండు వందలు. అది నచ్చితే ప్రతి నెలా తీసుకుంటామన్నారు. మా నాన్నగారు నాకు ఏడాది టైమిచ్చారు. ఈ ఆర్డర్ పోతే ఆ ఏడాది కూడా ఉండదు."

"తూకం సరిగ పెట్టుకుంటే ఆర్డర్ యాడికీ పోదు," అని స్కూటర్ స్టార్ట్ చేశాను.

ఆరోజు సోమవారం.

నాకు ఒక సిద్ధాంతం ఉండేది. పాత దుకాణదారులు బుద్ధిమంతులు, కొత్తగా పెట్టినవాళ్లకే తొందరగా డబ్బు చేసుకోవాలన్న యావ ఎక్కువ అని. ఊరికే అనుకున్నది కాదు, అనుభవం మీద అన్నాను. ఎందుకంటే ఏళ్ల తరబడి నా పెట్టెకు చిక్కినవాళ్లలో దాదాపు అందరూ కొత్తవాళ్లే. పాత దుకాణాల్లో కాంటాలు ఎప్పుడూ కిలో రాయికి కిలోనే చూపించేవి. మీటింగుల్లో కూడా ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు, "బోర్డు మీద రంగు ఆరని దుకాణం ముందు చూడండి" అని పాఠం చెప్పేవాణ్ణి.

మంగళవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఏ అర్జీ లేదు.

"సార్, ఒక్క అరగంట. పెట్టె తీసుకుని పాట్ మార్కెట్‌కి రండి. మీ కిలో రాయిని బంగారం షాపు కాంటా మీద పెడదాం. కిలో చూపిస్తే నేను దుకాణం మూసేస్తాను. అందరి ముందు మీకు క్షమాపణ చెబుతాను."

"నేను నీకు పరీక్ష రాయాల్నా?"

"లేదు సార్. రాయి రాస్తుంది."

వెళ్లకపోయినా నన్ను అడిగేవాడు లేడు. న్యాయం కోసం వెళ్లానని చెప్పుకుంటే మీరు నన్ను మెచ్చుకుంటారు గానీ, నేను వెళ్లింది పంతానికి. ఆ పిల్ల నోరు నలుగురిలో మూయించాలని వెళ్లాను. "పద అన్నా, పెట్టె పట్టు," అన్నాను అటెండరుతో.

బంగారం షాపు యజమాని నాకు తెలిసినవాడే. మూడు తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. వాళ్ల కాంటాకు గాజు తలుపులుంటాయి, ఊపిరి తగిలినా అంకె కదులుతుంది. వాళ్ల దుకాణాల తనిఖీకి నేను వాడేది పెట్టెలోని చిన్న చిన్న రాళ్లు, గ్రాము, రెండు గ్రాములు, పది గ్రాములు. కిలో రాయితో అక్కడ నాకెప్పుడూ పని పడలేదు. ఆయన వెండి ఇటుకలు తూచే పెద్ద కాంటా బయటికి తీసి, తుడిచి, సున్నాకు తెచ్చాడు. అటెండరన్న బిస్మిల్లా అన్నట్టు కళ్లు మూసుకుని రాయి పెట్టాడు.

అంకెలు పరుగెత్తి ఆగాయి. 1005.2.

ముందుగా నోరు విప్పింది యజమాని. ఆయన అన్న మాట వినండి.

"సార్, మా కాంటా ఖరాబైనట్టుంది. తప్పు మాదే. మేస్త్రీని పిలిపిస్త."

మూడు తరాల బంగారం వ్యాపారి. రోజూ మిల్లీగ్రాముల మీద బతికే మనిషి. తన కళ్ల ముందున్న అంకెను కాదని, నా రాయిని నమ్మాడు. నమ్మాడని కూడా అనను. భయపడ్డాడు. ఇంకో సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. ఆయన ఆ మాట అనగానే నా ప్రాణం లేచొచ్చింది. "అవును, జెర చూపించుకోండి," అన్నాను. జేబులోంచి పెన్ను కూడా తీశాను, ఆయనకు నోటీసు రాద్దామని.

ఆ అమ్మాయి ఎదురు దుకాణం వైపు చెయ్యి చూపించింది, అంతే.

ఎదురు దుకాణంలో 1005.2.

ఆ యజమాని కూడా మొదలుపెట్టాడు, "సార్, మాది సుత మొన్న కిందవడ్డది..."

"బజార్లో కాంటాలన్నీ ఒకేసారి చెడిపోయాయా సార్?" అంది ఆ పిల్ల. గట్టిగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

రాయిని చేతిలోకి తీసుకున్నాను. ఎన్ని వేలసార్లు ఎత్తిన రాయి. పైన అద్దంలా మెరుస్తోంది. తిరగేశాను. అడుగున రూపాయి బిళ్లంత వెడల్పున ఒక గుంట ఉంటుంది. అది ఖాళీగా ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందులో నా బొటనవేలు దిగేది. ఇప్పుడు దిగలేదు. అక్కడ ఎర్రగా, నున్నగా, పైన వార్నిష్ మెరుపుతో ఏదో గట్టిగా పేరుకుని ఉంది.

బంగారం పనివాడి సన్నటి ఇనుప పుల్ల అడిగి తీసుకుని గీకాను. వార్నిష్ పెచ్చు లేచింది. కింద కుంకుమ. దాని కింద పసుపు. మళ్లీ వార్నిష్. మళ్లీ కుంకుమ, పసుపు. తెల్ల కాగితం మీద రాలిపడుతున్న పెచ్చులను అందరూ వంగి చూస్తున్నారు. నేను లెక్కపెట్టాను. ఏడు వార్నిష్ పొరలు.

మీకు చెప్పాలి. ప్రతి దసరాకు మా ఆఫీసులో ఆయుధ పూజ చేసేవాళ్లం. మా ఆయుధం పెట్టె. రాళ్లన్నీ చింతపండుతో తోమి, పీట మీద పెట్టి, పసుపు కుంకుమలతో బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్లం. మొదట్లో బొట్టు రాయి పైనే పెట్టేవాళ్లం, రెండు రోజులకు చెరిగిపోయేది. అప్పటికి ఏడేళ్ల కింద ఒక పెద్దాఫీసరు తనిఖీకి వచ్చి కిలో రాయిని చూసి, "ఇది తూకపు రాయా, అమ్మవారా?" అని వెటకారం చేశాడు. నలుగురిలో నా మొహం మాడిపోయింది. ఆ దసరా నుంచి బొట్టు కనబడకుండా అడుగున ఉన్న గుంటలో పెట్టడం మొదలైంది. చిన్న రాళ్లకు గుంటలు లేవు కాబట్టి అవి బతికిపోయాయి. కిలో రాయికి మాత్రం పూజ బాగా అందింది.

నా షాకు అంతా కోపంగా మారి అటెండరు మీదికి పోయింది. పోవడానికి దగ్గర్లో ఉన్న మనిషి ఆయనే మరి.

"ఏందన్నా ఇది? ఏం చేసినవ్? వార్నిష్ ఎవడు కొట్టమన్నడు నిన్ను?"

ఆయన మొహం పాలిపోయింది. పెట్టె ఇంకా గుండెకు ఆనించుకునే ఉన్నాడు. "కుంకుమ రాలి మఖమల్ ఖరాబైతున్నదని, దాని మీద జెర వార్నిష్ కొట్టిన సార్. దేవుని బొట్టు గద, గీకెయ్యనీకి మనసు రాలె. ఏటేటా దాని మీదనే కొత్తది పెట్టుకుంట వచ్చినం." తల దించుకుని అన్నాడు, "పసుపు కుంకుమ నేనే కలిపిన సార్. బొట్టు మాత్రం మీ చెయ్యే పెట్టింది. అడుగున పెడదామన్నది సుత మీరే."

నిజమే. ఏడు దసరాలు, స్నానం చేసి, పట్టు పంచె కట్టుకుని, భక్తిగా, ఈ ఉంగరపు వేలితో.

ఇక మీరు అడుగుతారు, రాళ్లను ఎవరూ పరీక్షించరా అని. పరీక్షిస్తారు. ఏడాదికోసారి పెట్టెను మా పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సరిచూపించుకోవాలి. అక్కడ ఉన్నది నాతోపాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడు. పెట్టె మూత తెరిచేవాడు, రాళ్ల మెరుపు చూసేవాడు. "నీ పెట్టెకేందిరా, బంగారం!" అని సంతకం పెట్టేవాడు. తర్వాత ఇద్దరం ఇరానీ చాయ్ తాగేవాళ్లం. ఊరందరి కాంటాలనూ అనుమానించడం మా ఉద్యోగం. ఒకరినొకరు అనుమానించుకోవడం మర్యాద కాదనుకున్నాం. కంచే చేను మేస్తోందని అనడానికి కూడా లేదు, కంచె నిద్రపోయింది.

గీకిన రాయిని మళ్లీ కాంటా మీద పెట్టాం. 1000.0. అప్పుడు నా తలలో ఒక్కొక్కటీ విడిపోవడం మొదలైంది. పాత దుకాణాల కాంటాలు నా రాయికి సరిగ్గా కిలో ఎందుకు చూపించేవి? వాళ్ల కాంటాలను ఏటా మరమ్మతు మేస్త్రీలు సరిచేస్తారు. ఆ మేస్త్రీలు తమ రాళ్లను నా రాయితో సరిచూసుకుంటారు. నా రాయి బరువెక్కిన కొద్దీ బజారంతా దాని వెనకే నడిచింది. కంపెనీ నుంచి నేరుగా వచ్చిన, ఎవరి చెయ్యీ పడని నిఖార్సైన కాంటాలు కొత్తవాళ్ల దగ్గరే ఉండేవి. నిజం చెప్పినందుకు అవే పట్టుబడ్డాయి. నేను మీటింగుల్లో చప్పట్లు కొట్టించుకున్న సిద్ధాంతానికి అసలు కథ ఇది.

అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. యజమాని మంచినీళ్లు తెప్పించాడు. ఆ అమ్మాయి గెలిచినట్టు లేదు. తనకూ షాకే. తన కాంటా మంచిదని రుజువు చేద్దామని వచ్చిన పిల్ల, ఒక పెద్దమనిషి కళ్ల ముందే కుప్పకూలడం చూస్తానని అనుకుని ఉండదు.

"సారీ అమ్మా," అన్నాను. ఆ మాట సర్వీసులో ఎవరితోనైనా అన్నానో లేదో గుర్తులేదు.

"సారీ వద్దు సార్. నోటీసు అంటించిన గోడ మీదే ఇంకో కాగితం అంటించండి. అంతే పెద్ద అక్షరాలతో."

అంటించాను. 'తనిఖీ రాయిలో తప్పు. ఈ దుకాణం తూకం సరైనది.' కింద నా సంతకం. సందంతా గుమిగూడింది. ఉల్లిగడ్డల దుకాణదారు చదివి, విషయం మొత్తం విని, పెద్దగా నవ్వాడు. "అంటే ఏడేండ్ల సంది మేము కిలోకు ఐదు గ్రాములు ఎక్కువిస్తున్నమా? గా కొసరంత వాపస్ ఇప్పియ్యుండ్రి సాబ్!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను.

బుధవారం నేనే తిరుమలగిరి వెళ్లి క్యాంటీన్ మేనేజరును కలిశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. సోమవారం నాటి నోటీసు వీడియో ఆయన ఫోనుకు మూడు వైపుల నుంచి వచ్చిందట. అప్పటికే వేరేవాళ్లకు ఆర్డర్ ఇచ్చేశాడు. "మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్. కానీ ఒకసారి తూకం మీద మాట పడ్డ సరుకును నేను షెల్ఫులో పెట్టలేను," అన్నాడు. మొదటి నోటీసు వీడియో ఊరంతా తిరిగింది. రెండో కాగితాన్ని వీడియో తీసినవాళ్లు ఇద్దరే. దాన్ని వాళ్లు ఎవరికీ పంపినట్టు లేదు.

ఆ ఆర్డర్ పోయింది. ఆ మాట చెప్పడానికి దుకాణానికి వెళితే ఆమె వాళ్ల నాన్న అక్కడే ఉన్నాడు. రైల్వే యూనిఫాంలో, డ్యూటీకి వెళ్తూ ఆగినట్టున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కూతురి వైపు తిరిగి, "రాయిదే తప్పని ఎలా తెలిసిందే నీకు?" అని అడిగాడు.

"తెలియదు నాన్నా. నాది తప్పు కాదని తెలుసు, అంతే. ఇంక మిగిలింది రాయేగా."

ఆయన గోడ మీది కాగితం చదివాడు. తర్వాత టోపీ పెట్టుకుంటూ, "ఏడాది అన్నాను కదా. ఆ ఏడాది ఇవాళ్టి నుంచి లెక్కేసుకో," అని వెళ్లిపోయాడు. ఆ దుకాణం ఇప్పటికీ ఉంది. క్యాంటీన్ ఆర్డర్ మాత్రం తిరిగి రాలేదు. మా ఇంట్లో కంది పొడి అక్కడిదే. ప్రతిసారీ ప్యాకెట్ నా ముందు తూచి మరీ ఇస్తుంది, నవ్వుతూనే. ఆ నవ్వుకు నేను అర్హుణ్ణే.

నా మీద నేనే రిపోర్టు రాసుకున్నాను. మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది, కొత్త పెట్టె వచ్చింది. మా మిత్రుడు నాతో మాట్లాడటం మానేశాడు. అటెండరన్న ఆ దసరాకు కొత్త పెట్టె ముందు దూరంగా నిలబడి చేతులు జోడించాడు. పసుపు గిన్నె నా వైపు జరపలేదు, నేను అడగలేదు.

అక్కడితో అయిపోతే మీకు ఇంత దూరం చెప్పేవాణ్ణి కాదు. ఆర్డర్ సంగతి చెప్పిన రోజు దుకాణం దిగుతుంటే ఆ అమ్మాయి వెనక నుంచి అడిగింది. "సార్, ఏడు దసరాలంటే... మిగతావాళ్లు?"

ఆ రెండు మాటలకు నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. పాత రిజిస్టరు తీసి చూశాను. కాంటాలకు సీళ్లు వేయించుకున్న కొత్త దుకాణాలు. డ్రై ఫ్రూట్స్ కొట్టు పెట్టిన అన్నదమ్ములు, స్వీట్లు మొదలుపెట్టిన ఒక కొత్త జంట, ఇంకా కొందరు. ఆ చిరునామాలు పట్టుకుని సెలవు రోజుల్లో తిరిగాను. చాలాచోట్ల ఇప్పుడు సెల్‌ఫోన్ షాపులున్నాయి. మూసేసి ఎటు పోయారో పక్కవాళ్లకు కూడా తెలియదు. వాళ్లలో ఎంతమంది నా నోటీసు వల్ల మూశారో, ఎంతమంది మామూలుగా మూశారో నాకు ఎప్పటికీ తెలియదు. దొరికిన ఇద్దరు ముగ్గురు నన్ను నోరారా తిట్టారు. నాకది హాయిగా అనిపించింది.

చివరికి మౌలాలి గుట్ట కిందికి వెళ్లాను. మరమ్మతు మేస్త్రీని వెంట తీసుకెళ్లాను. ముసలమ్మ అక్కడే ఉంది, అదే నీలం టార్పాలిన్ కింద, మురుమురాల మూటల మధ్య. నేను నోటీసు ఇచ్చిన ఏడాదే ఆమె కూడా కొత్తగా దుకాణం పెట్టుకుందని రిజిస్టరు చూశాకే నాకు గుర్తొచ్చింది. వయసు చూసి ఆమె పాతదనుకున్నాను గానీ, వ్యాపారానికి ఆమె కూడా కొత్తదే. నన్ను చూడగానే లేచి దండం పెట్టింది.

కొత్త కిలో రాయి ఆమె కాంటా మీద పెట్టాను. 0.997. ఆమెకు నోటీసు ఇచ్చేనాటికి రాయికి అందిన పూజలు నాలుగే. నేను చెడగొట్టించిన తూకం నాలుగేళ్లుగా అలాగే ఉంది, మళ్లీ తనిఖీకి నేను అటు పోలేదు. నేల మీద ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని జరిగిందంతా చెప్పాను. రాయి, కుంకుమ, వార్నిష్, అంతా. "అప్పుడు తప్పు నీది కాదమ్మా. నాది," అన్నాను.

ఆమె నోరు తెరుచుకుని విన్నది.

"అట్లనా సారూ? నేను నాదే పాపమనుకున్న. ఎందరు పోరగాండ్లకు తక్కువేసిన్నో అని మస్తు ఏడ్సిన. అప్పటి సంది ఎవ్వరొచ్చినా తూకం అయినంక ఒక పిడికెడు మీదికెల్లి ఏస్తున్న."

నాలుగేళ్లు. నా రాయి పుణ్యాన కిలోకు మూడు గ్రాములు ఎక్కువిచ్చే కాంటా మీద తూచి, లేని పాపానికి పైన ఇంకో పిడికెడు. నేను ఆ అమ్మాయికి ఉదాహరణగా చెప్పిన మర్యాద ఇదే.

మేస్త్రీ కాంటా విప్పి సరిచేశాడు. కొత్త రాయి పెడితే సరిగ్గా కిలో చూపించింది. ముద్ర వేశాను. ఏదైనా కొనాలనిపించి పావు కిలో పుట్నాలు ఇమ్మన్నాను. ఆమె కాగితం పొట్లం కాంటా మీద పెట్టి, పుట్నాలు పోసి, అంకె నిలబడేదాకా ఓపికగా చూసింది. నిలబడింది. తర్వాత మూటలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి పొట్లంలో వేసింది.

"ఇంక ఎందుకమ్మా? కాంటా సరిగనే ఉన్నది గద," అన్నాను.

ఆమె పొట్లం మడుస్తూ, ఎగతాళేమీ లేకుండా, మామూలుగా అంది.

"ఏమో సారూ. రేపు మల్ల మీరే వచ్చి తప్పంటే?"